మెడ మీద నలుపు

నర్సంపేట చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లో పనిచేసేవాళ్లకు మెడ నల్లబడటం కొత్తేమీ కాదు, అది ఎండ వల్ల. మెడ మడతల్లో, చంకల్లో తోలు మఖమల్ గుడ్డలా మందమై నల్లబడితే సంగతి వేరు. చాలామందిలో దానికి కారణం లావు, షుగర్. భయపడక్కర్లేదు, రక్తపరీక్ష చేయించుకోండి. కానీ పెద్ద వయసు మనిషి బక్కచిక్కిపోతూ, ఆకలి చచ్చి, కొద్ది నెలల్లోనే ఇలా నల్లబడితే, అరచేతులు కూడా మందమెక్కితే, డాక్టర్లు ఎండోస్కోపీతో కడుపులోకి చూస్తారు. జీర్ణాశయం క్యాన్సర్ ఒక్కోసారి ఇలా బయటపడుతుంది. కణితి వదిలే పదార్థాలు చర్మకణాలను అతిగా పెంచుతాయి.

బొడ్డులో గట్టి గడ్డ మరో గుర్తు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో సిస్టర్ మేరీ జోసెఫ్ అనే నర్సు, ఆపరేషన్‌కు రోగులను సిద్ధం చేస్తూ దీన్ని పసిగట్టింది. ఆ గడ్డ ఉన్నవాళ్లకు పొట్టలో క్యాన్సర్ పాకి ఉండేది. 1949లో హామిల్టన్ బెయిలీ అనే సర్జన్ దానికి ఆమె పేరే పెట్టాడు. డాక్టర్ల పేర్లతో నిండిన వైద్య పుస్తకాల్లో ఒక నర్సు పేరు నిలవడం ముచ్చటైన విషయమే.

కనురెప్పల మీద ఊదారంగు దద్దు వచ్చి, కూర్చున్నచోటి నుంచి లేవడం కష్టమైనా చూపించుకోవాలి, అదీ ఒక్కోసారి లోపలి క్యాన్సర్‌కు గుర్తే. ఇక నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద పెడితే పసరు మందుతో వారాలు గడపకండి. క్లోమం దగ్గర పైత్యనాళం మూసుకుపోయిందేమో స్కానింగ్‌లో తెలుస్తుంది.

ముందు నర్సంపేట సర్కారు దవాఖానకు వెళ్లండి. అవసరమైతే వరంగల్ ఎంజీఎంకో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో పంపుతారు. వెళ్లేటప్పుడు నిరుటి పెళ్లి ఫొటో ఏదైనా ఉంటే పట్టుకెళ్లండి. మార్పు ఎంత తొందరగా వచ్చిందో డాక్టరుకు అందులోనే తెలుస్తుంది.