క్షయరోగియు సందేహమును



చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఇందు రోగికి జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడచుకొనుట, భయము లేకుండుట, తన వ్యాధి స్థితిని దాచక తెలుపుట అను నాలుగు గుణములుండవలెనట. మందు మానిన రోగిని చూచి లోకము "మరచినాడు", "మాట వినడు" అనును. తక్కిన రెండు గుణముల నెవ్వరును తడవరు. మందు మానుటకు మూలము తరచుగా అచ్చటనే యున్నది.

క్షయరోగమునే తీసికొందము. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వంటి మందులు రాకపూర్వము ఈ రోగులకు విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారమే ముఖ్యాధారములు. అందులకే మదనపల్లె చెంత ఆరోగ్యవరము వంటి శానిటోరియములు వెలసినవి. 1956లో మద్రాసునందు స్థాపింపబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు బీద రోగులను రెండు తెగలు చేసి, ఒక తెగను శానిటోరియమునందును, మరియొక తెగను తమ తమ యిండ్లయందును ఉంచి, ఒక సంవత్సరము ఒకే మందులిచ్చిరి. ఇరుకు గదులలో, చాలీచాలని తిండితో నున్నవారికిని ఇంచుమించు సమానముగనే గుణమిచ్చినది. 1959లో ఈ ఫలితము ప్రకటింపబడినది.

అయితే చికిత్స యింటికి రాగానే మందు మింగు భారము రోగిపై బడినది. ఆ కేంద్రమువారు ముందు తెలుపకయే యిండ్లకు పోయి మిగిలిన మందును లెక్కించిరి; మూత్రమును పరీక్షించిరి. చిట్టాలో లెక్క సరిపోయినంతనే గాదెలో ధాన్యమున్నట్లు కాదు గదా!

మందు మొదలిడిన కొన్ని వారములకే దగ్గు తగ్గును, జ్వరము విడుచును, ఆకలి పుట్టును. అప్పుడే సందేహము పుట్టును. రోగము పోయినచో ఈ మాత్రలేల? పోనిచో ఈ బలమెక్కడిది? వేరొకనికి కడుపులో త్రిప్పును. అది మందు గుణమో రోగ లక్షణమో వానికి తెలియదు. ఒకనాటి కూలి పోగొట్టుకొని ఆసుపత్రి వరుసలో నిలిచినవాడు వైద్యుని యెదుట నోరు పెగలక తిరిగి వచ్చును. ఇక వాడు కంటికి కనబడుదానినే నమ్మును. దగ్గు పోయినట్లు తెలియును గాని ఊపిరితిత్తులలో మిగిలిన క్రిమి కనబడదు. నడుమ మానినచో ఆ క్రిములు మరల పెరుగవచ్చును. మందునకు లొంగనివిగా మారుటయు గలదు. అట్టి రోగము ఆ యింటి పసివారికిని సోకవచ్చును.

నేడు ఈ చికిత్స సామాన్యముగా ఆరు నెలలు. ఇందలి రిఫాంపిసిన్ అను మందు మూత్రమును నారింజ రంగునకు మార్చును. ముందుగా తెలియని రోగి దానిని నెత్తురని భ్రమించి మాత్రలను అటకమీద పడవేయును. తెలిసినవాడు మందు ఒంటబట్టినదని ధైర్యము తెచ్చుకొనును. ఈ సంగతి చెప్పుటకు వైద్యునికి అర నిమిషము చాలును.

సందేహములన్నియు వట్టివని కాదు. మందు తినుచుండగా కండ్లు పచ్చబడినను, చూపు మందగించినను రోగి యింటిలో కూర్చుండి తర్కించుకొనరాదు. ఆనాడే వైద్యుని కడకు పోవలెను.