మందులకు లొంగనితనం ఎలా పాకుతుంది

ఈ రోజు పశువైద్య పట్టాలు అందుకుంటున్న యువతీయువకులు చేపట్టబోయే పనికి మూలమైన ఒక పరిశోధన జపాన్‌లో జరిగింది.

1950లలో అక్కడ రక్తవిరేచనాలు పెద్ద బెడద. వాటికి కారకమైన షిగెల్లా బ్యాక్టీరియా ముందు సల్ఫా మందులకు లొంగడం మానేసింది. 1955లో హాంకాంగ్ నుంచి తిరిగివచ్చిన ఒక రోగిలోనైతే సల్ఫాకే కాదు, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్‌లకూ లొంగని షిగెల్లా దొరికింది. నాలుగు జన్యుమార్పులు ఒకే కణంలో కలిసిరావడం దాదాపు అసాధ్యం. పైగా కొందరు రోగుల్లో మందుకు లొంగే షిగెల్లా, లొంగని షిగెల్లా రెండూ కనిపించేవి. పేగులోని ఇ.కోలి కూడా అవే మందులను తట్టుకునేది!

1959లో అక్కడి పరిశోధకులు ఒచియాయ్, అకిబాల బృందాలు షిగెల్లా, ఇ.కోలి బ్యాక్టీరియాలను కలిపి పెంచాయి. ఇ.కోలి నిరోధశక్తి షిగెల్లాకు చేరింది. త్సుతోము వతనబే 1963లో ఇంగ్లిషులో రాసిన సమీక్షతో ఈ సంగతి ప్రపంచమంతా తెలిసింది.

ఆ శక్తిని మోసుకెళ్లింది ప్లాస్మిడ్, అంటే క్రోమోజోముకు విడిగా ఉండే డీఎన్ఏ వలయం. రెండు కణాలు దగ్గరకు చేరాక దాని రెండు పోగుల్లో ఒకటి అవతలికి వెళ్తుంది. ఇరువైపులా జతపోగు కొత్తగా తయారవుతుంది. ఇచ్చిన కణానికి ఏమీ తరగదు, ఒక దీపంతో మరో దీపం వెలిగించినట్టే. తల్లి కణం నుంచి పిల్ల కణానికే కాదు, ఒక జాతి నుంచి మరో జాతికీ ఇలా చేరుతుంది.

కొలిస్టిన్ విషయంలో ఇది అందరినీ కలవరపెట్టింది. వేరే మందులు పనిచేయని రోగులకు వైద్యులు చివరగా వాడే మందు అది. దాన్నే పందులకు, కోళ్లకు బరువు పెరగడానికి మేతలో కలిపారు. 2015 నవంబరులో చైనా పరిశోధకులు ఎంసీఆర్-1 అనే నిరోధక జన్యువును ప్లాస్మిడ్ మీద గుర్తించారు. మేతలో ఆ మందు ఆపాక, చైనా పందుల ఇ.కోలిలో కొలిస్టిన్‌కు లొంగనివి 2015-16లో సుమారు 34 శాతం ఉండగా, 2017-18కి సుమారు 5 శాతానికి దిగాయి. భారత ప్రభుత్వం 2019 జులైలో ఆహారపు జంతువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు కొలిస్టిన్‌ను నిషేధించింది.

ఈ పట్టభద్రుల్లో చాలామంది రేపు కోళ్లఫారాలకు, రొయ్యల చెరువులకు వెళ్తారు. "ముందుజాగ్రత్తగా ఏదో ఒక మందు రాయండి డాక్టరుగారూ" అని రైతు అడుగుతాడు. ఒకే ప్లాస్మిడ్ మీద అనేక నిరోధక జన్యువులు ఉండవచ్చు కనుక, అక్కడ టెట్రాసైక్లిన్ ఒక్కటి వాడినా మిగతా మందులను తట్టుకునే జన్యువులూ దాన్ని తట్టుకునే జన్యువుతోపాటే బతికి బట్టకడతాయి.