కొత్త పిస్టల్ స్లైడ్ కదులుతలేదా? స్ప్రింగ్ కోయకండి, ముందు ఈ మాట వినండి

బాసర నుంచి మాట్లాడుతున్న. మన ఛానల్‌ల ఎక్కువ పోలీసు ఉద్యోగం, ఆర్మీ ఉద్యోగం ప్రిపరేషన్ గురించే మాట్లాడుకుంటం. కానీ ఈ వారం ముధోల్ దిక్కు నుంచి ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. అది చదివినంక, వేరే టాపిక్ పక్కకు పెట్టిన.

ఆమె రాసింది ఇది. "అన్నా, మా బాపు రిటైర్డ్ జవాన్. ఇప్పుడు పెట్రోల్ బంక్ చూసుకుంటున్నడు. రాత్రి పూట క్యాష్ తీసుకొని ఇంటికి రావాలె. లైసెన్సు మీద కొత్తగా చిన్న .32 పిస్టల్ తీసుకున్నడు. దాని స్లైడ్ మస్తు టైట్ ఉంది. బాపు వేళ్లు జారుతున్నయి. మా తమ్ముడేమో లేత్ షాపుల స్ప్రింగ్ రెండు చుట్లు కోపిస్తా, మెత్తగైతది అంటున్నడు. చేయించమంటవా?"

చెల్లే, సూటిగా చెప్తున్న. వద్దు. ఎందుకు వద్దో, మరి ఏం చేయాలెనో ఇప్పుడు చెప్తా. ఆర్మీల పదిహేడేళ్లు నా పని తుపాకుల రిపేరే. కొత్త ఆయుధం బిగుసుగ ఉండుడు నాకు కొత్త కాదు.

మొదలు ఒక్క మాట. లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే పిస్టల్ వాళ్ల చేతిలనే ఉండాలె. ఈ వీడియోల చెప్పేవి బాపు చేయాలె, తమ్ముడు కాదు. మన దేశంల ఆయుధాల చట్టం 1959ల వచ్చింది. 21 ఏళ్లు నిండకుండా సొంత లైసెన్సు రాదు. 9 ఎంఎం పిస్టల్ పోలీసులకు, సైన్యానికి. మామూలు మనిషికి లైసెన్సు మీద దొరికేది .32 లాంటి బోర్లే.

సరే, ఇప్పుడు అసలు సంగతి. చిన్న పిస్టల్‌కు స్లైడ్ ఎందుకంత టైట్ ఉంటది?

చాలామంది ఏమనుకుంటరంటే, తుపాకీ చిన్నగుంటే లాగుడు కూడా అల్కగ ఉంటదని. ఉల్టా. .32 తూటా 1899ల వచ్చింది, బ్రౌనింగ్ డిజైన్ చేసిన పిస్టల్ కోసం. ఈ రకం పిస్టళ్లల్ల ఎక్కువ వాటికి లాక్ ఉండదు. తూటా పేలినప్పుడు వెనక్కి వచ్చే దెబ్బను ఆపేటివి రెండే. ఒకటి స్లైడ్ బరువు, రెండోది దాని లోపలి స్ప్రింగ్ బలం. పెద్ద పిస్టల్‌ల స్లైడ్ బరువు ఎక్కువ ఉంటది కాబట్టి స్ప్రింగ్ కొంచెం మెత్తగున్నా నడుస్తది. చిన్న దాంట్ల స్లైడ్ పొట్టిది, తేలిక. ఆ తక్కువైన బరువును స్ప్రింగే భర్తీ చేయాలె. అందుకే అది గట్టిగ ఉంటది. అంటే ఆ టైట్ తనం లోపం కాదు, అదే దాని రక్షణ.

ఇప్పుడు ఆ స్ప్రింగ్ రెండు చుట్లు కోస్తే ఏమైతది? స్లైడ్ వెనక్కి మరీ జోరుగ వచ్చి ఫ్రేమ్‌ను గుద్దుకుంటది. గుద్దంగ గుద్దంగ ఫ్రేమ్ పగుళ్లు పడొచ్చు. ముందుకు పోయేటప్పుడేమో బలం చాలక పూర్తిగ మూసుకోకపోవచ్చు. చీకట్ల దొంగ ముందు నిలబడ్డప్పుడు పిస్టల్ సగంల ఆగిపోతే? బాపు పిస్టల్ తీసుకున్నదే ఆ ఒక్క నిమిషం కోసం. లేత్ షాపు ఆ ఒక్క నిమిషాన్నే పాడు చేస్తది. ఇంకోటి, తుపాకీ రిపేర్ చేయాలంటే కూడా లైసెన్సు ఉండాలె. ఊళ్లె లేత్ షాపు ఆయనకు అది ఉండదు. కోసినోళ్లకూ కేసు, కోపించినోళ్లకూ తలనొప్పి.

మరి మెత్తగ ఎట్ల చేయాలె? టైట్ తనంల మూడు భాగాలుంటయి. ఒకటి స్ప్రింగ్. రెండోది హ్యామర్. స్లైడ్ వెనక్కి లాగినప్పుడు అదే హ్యామర్‌ను కూడా వెనక్కి తోస్తది, దాని స్ప్రింగ్ బరువు కూడా మన చేతి మీదనే పడ్తది. మూడోది రాపిడి. కొత్త లోహం మీద కంటికి కనపడని గరుకు ఉంటది. పైగా ఫ్యాక్టరీల తుప్పు పట్టొద్దని చిక్కటి గ్రీజు పూస్తరు. కొత్త చెప్పు కరిచినట్టే ఇది కూడా. మనం తగ్గించగలిగేది ముఖ్యంగ ఈ రాపిడినే. స్ప్రింగ్ కొంచెం మాత్రమే సర్దుకుంటది. వెన్న లెక్క అయితదని ఆశ పెట్టుకోకండి, కావద్దు కూడా.

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోండి. మీరు యూట్యూబ్‌ల అమెరికా వీడియోలు చూస్తరు. "కొత్త పిస్టల్ తీసుకుంటే రెండు మూడు వందల రౌండ్లు కాల్చు, అదే సెట్ అయితది" అంటరు. వాళ్లకు కుదురుతది. మన దగ్గర లైసెన్సుల ఎన్ని తూటాలు రాసి ఉంటే అన్నే. రేటు కూడా ఎక్కువే. గోదావరి ఒడ్డుకు పోయి కాలుస్తా అంటే నడవదు. అటు కవ్వాల్ అడవి 2012 నుంచి టైగర్ రిజర్వ్, అనుమతి లేకుండా ఆయుధంతో లోపల అడుగు పెట్టుడే నేరం. అందుకే మన దారి వేరే. తూటా ఖర్చు లేకుండ సగం పని ఇంట్లనే అయితది.

మొదటి పని, ఖాళీ చేసుడు. మ్యాగజైన్ తీయాలె. స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్ల కంటితో చూడాలె, చిటికెన వేలు పెట్టి కూడా చూడాలె. తూటాలు వేరే రూంల, తాళం లోపల. పిల్లలు ఇంట్ల తిరుగుతున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

రెండో పని, శుభ్రం. పిస్టల్‌తో వచ్చిన పుస్తకం చూసి, అది చెప్పినంత వరకే విప్పాలె. ఆ ఫ్యాక్టరీ గ్రీజు మొత్తం తుడవాలె. స్లైడ్ నడిచే గాడులల్ల తుపాకీ నూనె ఒక్కొక్క చుక్క. వంటింటి కొబ్బరి నూనె వద్దు, చలికాలం గడ్డ కడ్తది. ఈ ఒక్క పనితోనే చాలామందికి తేడా తెలుస్తది.

మూడో పని, ఖాళీ పిస్టల్‌తో స్లైడ్ ఆడించుడు. రోజుకు పాతిక సార్లు, ఒక వారం పది రోజులు. మధ్యల ఒకసారి తుడిచి మళ్ల నూనె. ఖాళీగ ఉన్నప్పుడు స్లైడ్‌ను ప్రతిసారి ధన్‌మని వదలకండి, చేత్తో ముందుకు తీసుకపొండి. స్లైడ్ వెనక్కి ఆపే లాక్ ఉంటే, రెండు మూడు రోజులు అట్లనే తెరిచి పెట్టొచ్చు, స్ప్రింగ్ కొంచెం సర్దుకుంటది.

నాలుగోది అన్నిటికంటె ముఖ్యం, పట్టుకునే పద్ధతి. బాపు వేళ్లు ఎందుకు జారుతున్నయో నేను చూడకుండనే చెప్పగలను. బొటనవేలు, చూపుడువేలుతో చిటికె పట్టినట్టు లాగుతుండొచ్చు. అట్ల పహిల్వాన్‌కు కూడా కష్టమే. ఎడమ అరచేతిని స్లైడ్ వెనక భాగం మీద కప్పాలె. నాలుగు వేళ్లు ఒక దిక్కు, అరచేతి మడమ ఇంకో దిక్కు. ఖాళీ తూటా బయటపడే కిటికీ మీద చేయి రావద్దు. పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగ పెట్టుకోవాలె. ఇప్పుడు ఎడమ చేత్తో లాగుడు కాదు, కుడి చేత్తో పిస్టల్‌ను ముందుకు తోసుడు. ఎడమ చేయి గట్టిగ పట్టుకొని ఉంటే చాలు. తోసే బలం మనిషికి లాగే బలం కన్నా ఎక్కువ. బయటికి హ్యామర్ కనపడే పిస్టల్ అయితే, ముందుగాల దాన్ని వెనక్కి పెట్టుకుంటే ఆ బరువు కూడా పోతది.

కానీ జర జాగ్రత్త. ఇట్ల తోసేటప్పుడు పిస్టల్ మూతి ఎడమ దిక్కు తిరుగుతది. పక్కన నిలబడ్డ మనిషి దిక్కు! అందుకే పిస్టల్ తిరగొద్దు, మన ఒళ్లు తిరగాలె. మూతి ఎప్పుడూ ఖాళీ గోడ దిక్కే. వేలు ట్రిగ్గర్ మీద కాదు, బయట ఫ్రేమ్ మీద. టైట్ స్లైడ్‌తో ప్రమాదాలు జరిగేది ఇక్కడనే. బలం పెట్టే తొందరల వేలు లోపలికి పోతది. బాసరల పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తరు కదా, మొదలు చేయి పట్టుకొని బియ్యంల దిద్దిస్తరు. ఇది కూడా అంతే. అలవాటు ముందు, వేగం తర్వాత.

ఐదోది, రేంజ్. లైసెన్సు ఉన్నోళ్లు అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లనే, అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ముందు కాల్చాలె. తూటా ఛాంబర్లకు ఎక్కించేటప్పుడు ఇంట్ల చేసిన దానికి ఉల్టా చేయాలె. స్లైడ్ పూర్తిగ వెనక్కి లాగి ఒక్కసారే వదిలేయాలె. చేత్తో మెల్లగ ముందుకు తీసుకపోతే తూటా అడ్డం పడ్తది, మనం పిస్టల్ మంచిది కాదంటం. మణికట్టు కూడా గట్టిగ ఉండాలె, మెత్తగ పడితే స్లైడ్ పూర్తిగ వెనక్కి రాదు. తూటా పేలకపోతే వెంటనే తెరవొద్దు, మూతి టార్గెట్ దిక్కే పెట్టి అర నిమిషం ఆగాలె. కొన్ని రౌండ్లు సాఫీగ నడిచినంకనే ఆ పిస్టల్ మీద భరోసా పెట్టుకోవాలె.

ఇవన్నీ చేసినా స్లైడ్ సగంల ఇరుక్కుంటుంటే, లోహం పొట్టు రాలుతుంటే, పూర్తిగ మూసుకోకపోతే, అది కొత్తదనం కాదు, లోపం. కొన్న లైసెన్సు డీలర్ దగ్గరికే తీసుకపోవాలె. ఇంకోటి, బాపు వేళ్లకు వాతం ఉండి ఏం చేసినా చేతకాకపోతే, సిగ్గు పడొద్దు. రివాల్వర్‌కు స్లైడే ఉండదు, .32ల రివాల్వర్లు కూడా ఉన్నయి. చేతికి సరిపోయేదే మంచి ఆయుధం.

దసరా గురించి కూడా చెప్పాలె. ఆయుధ పూజ చేస్తం, మంచిదే. కానీ పసుపు, కుంకుమ స్లైడ్ గాడులల్లకు పోతే నూనెతో కలిసి ముద్దయితది. ఖాళీ చేసి, బట్ట మీద పెట్టి, బట్టకే బొట్టు పెట్టండి. పెండ్లి బరాత్‌ల గాలిలకు కాలుస్తం అనేటోళ్లకు చెప్తున్న. 2019 సవరణ తర్వాత, మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేటట్టు సంబరాలల్ల కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

ఇగ లైసెన్సు లేని మీ అందరికీ. తుపాకీ అంటే ఇష్టమైతే తొవ్వ ఉంది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆట. మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 2018ల, 13 ఏళ్లకే నేషనల్స్‌ల పెద్ద షూటర్లను దాటి గెలిచింది. 2023ల హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక బంగారం, మూడు వెండి, మొత్తం నాలుగు పతకాలు తెచ్చింది. మను భాకర్ సంగతి కూడా గుర్తు చేసుకోండి. 2021 టోక్యో ఒలింపిక్స్‌ల పోటీ మధ్యల పిస్టల్ ఖరాబై విలువైన నిమిషాలు పోయినయి, ఫైనల్‌కు రాలేదు. 2024 పారిస్‌ల రెండు కాంస్యాలతో వాపస్ వచ్చింది. ప్రపంచ స్థాయి షూటర్‌కైనా, పెట్రోల్ బంక్ బాపుకైనా సంగతి ఒక్కటే. చేతిలున్న యంత్రం అసలు టైంకు నడవాలె.

చెల్లే, ఈ వీడియో బాపుకు చూపించు. తమ్మునికి లేత్ షాపు బంద్ అని చెప్పు. ఒక చిన్న సీసా తుపాకీ నూనె, పాత కాటన్ బట్ట, పది రోజుల ఓపిక. అంతే ఖర్చు. పది రోజులయినంక ఎట్లుందో బాపునే ఒక మెసేజ్ పెట్టమను. మిగతా వాళ్లు మీ డౌట్లు కింద రాయండి, వచ్చే వారం పోలీసు ఈవెంట్స్ గురించి కలుద్దాం. ఉంటా మరి.