ఫిరంగుల కార్ఖానా – ఒక చిత్రకారుడు



పొలము పనివారిని చిత్రించి పేరుగాంచిన ఒక చిత్రకారుడు యుద్ధకాలమున ఫిరంగుల కార్ఖానాలో ఏమి చూచెనో నాలుగు మాటలు మనవి చేసెదను. ఆయన పేరు జార్జి క్లాసెన్. 1852లో లండనులో జన్మించెను. ఇంగ్లండు పల్లెలలో కాపురముండి, గడ్డి కోయువారిని, పరిగె యేరుకొను స్త్రీలను చిత్రించుచు వచ్చెను.

మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగా 1917లో బ్రిటిషు ప్రభుత్వము 18 మంది చిత్రకారులచేత 66 శిలాముద్రణ చిత్రములను వేయించెను. స్వదేశమునను పరదేశములందును యుద్ధమునకు ఆదరణ సంపాదించుటయే అందలి ఉద్దేశము, ప్రచారమన్న మాట. అందు ఫిరంగుల తయారీని గూర్చిన ఆరు చిత్రములు క్లాసెన్ వంతునకు వచ్చెను. థేమ్సు నదియొడ్డున నున్న ఊలిచ్ ఆయుధాగారమున కేగి ఆయన ఆ పనిని కన్నులార చూచెను. ఆ యుద్ధమున అచ్చట సుమారు 80,000 మంది పనిచేసిరి; వారిలో స్త్రీలు వేలకొలది.

ఒక చిత్రమున కొలిమి, ఒకదానియందు మహా సమ్మెట, మరియొకదానియందు ఫిరంగి లోగొట్టమును పైకెత్తుట. ఈ లోగొట్టమేమో చెప్పవలెను. కమ్మరి బండిచక్రమునకు ఇనుప పట్టా వేయుట మన పెద్దలు చూచినదే. పట్టాను ఎఱ్ఱగా కాల్చి, అది సాగినప్పుడు చక్రమునకు తొడిగి నీరు పోసినచో, చల్లారి బిగిసికొనును. పెద్ద ఫిరంగికిని సూత్రమిదియే. వెలుపలి గొట్టమును కాచి లోగొట్టముపై తొడుగుదురు. అది చల్లారి లోగొట్టమును నొక్కి పట్టును. మందు ప్రేలినపుడు ఫిరంగి పగులకుండుటకు ఈ బిగింపే ఆధారము. అయితే బండిచక్రమును ఇద్దరు మనుష్యులు ఎత్తగలరు. దీనికి క్రేను కావలయును. ఆ యంత్రముల నడుమ మనుష్యుడు చిన్నవాడైపోవును.

క్లాసెన్ వారిని వీరులుగా గీయలేదు. కోతగాండ్రను చూచిన కంటితోనే చూచెను. ఆ గౌరవము నిజమైనదే, చిక్కును అందులోనే యున్నది. కోత చిత్రమున శ్రమఫలము మన కన్నుల యెదుట నుండును. ఇచ్చట ఆ ఫిరంగి ఎవరిమీద ప్రేలునో ఊసే లేదు. చిత్రములు కోరినవారికి కావలసినదియు అంతవరకే. గీసినదంతయు సత్యమే, సగము గీయబడలేదు.

ఆ రెండవ సగము చిత్రకారునికి తెలియక కాదు. ఆయన కుమార్తెకు నిశ్చయమైన వరుడు ఆ యుద్ధముననే మరణించెను. 1916లో, అనగా ఫిరంగుల చిత్రములకు ముందు సంవత్సరమే, ఆయన ‘యౌవన శోకము’ అను తైలవర్ణ చిత్రమును వ్రాసెను. బీడునేలపై ఒక పడుచు ముడుచుకొని, తల వంచి దుఃఖించుచుండును. ఆ చిత్రమును, ఈ ఫిరంగుల చిత్రములును లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియమునందే యున్నవి. మన గ్రంథాలయమునకు చిత్రకళా గ్రంథములు తెప్పించునపుడు, ఆ రెండును ఒక్కచోట చూపు గ్రంథమును వెదకవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.