పాత ఫోను పారేసే ముందు



నల్లగొండ గడియారం సెంటర్లోనైనా, మహబూబ్‌నగర్ బజారులోనైనా కొత్త ఫోను గురించి చెప్పేవాళ్లకు కొదువ లేదు. పాత ఫోను గురించి చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఇవాళ నేను దాని గురించే మాట్లాడతాను. కొడుకు నాలుగేళ్లు వాడి తల్లికి ఇచ్చిన ఫోను, అద్దం పగిలినా టేపు వేసుకుని నడుపుతున్న ఫోను, ఊకూకె ఆగిపోతూ సతాయిస్తున్న ఫోను. మన రెండు జిల్లాల ఊళ్లలో, తండాల్లో ఎక్కువగా కనపడేది ఇటువంటిదే.

అది పనిచేయడం ఎందుకంత ముఖ్యమో ముందు చెప్తాను. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పని జరిగే చోట హాజరు, కూలీల పని చూసే మేటు ఫోన్లోనే పడాలని, రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో ఎక్కించాలని నియమం పెట్టారు. ఫొటో తీసే వేళకు ఆ ఫోను ఆగిపోతే, ఎండలో మట్టి తవ్వినవాళ్ల హాజరు చిక్కులో పడుతుంది. బ్యాంకు పనికి, గ్యాసు బుకింగుకు, ఆధార్ పనికి ఓటీపీ వచ్చేది ఫోనుకే. ముంబైకి, పుణెకి పనికి పోయిన పాలమూరు మనిషి పిల్లల ముఖం చూసేది ఫోన్లోనే. ఫోను ఆగితే ఆగేది కాలక్షేపం కాదు, కూలి, హక్కు, ఇల్లు.

బోరు మోటారు ఆగిపోతే మన రైతు ఏం చేస్తాడు? ముందు కరెంటు చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు, స్టార్టరు చూస్తాడు. అవన్నీ బాగున్నాయని తేలాకే మోటారు పైకి తీయిస్తాడు. ఫోను విషయంలో మాత్రం చాలామంది మొదటి రోజే మోటారు పైకి తీస్తున్నారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పాత ఫోనుకు వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం నాలుగు చోట్ల ఉంటుంది. బ్యాటరీ, జాగా, నెట్‌వర్కు, సాఫ్ట్‌వేర్ వయసు. ఈ వరుసలో చూసుకుంటూ పోతే ఏది మనం బాగుచేసుకోవచ్చో, ఏది దుకాణానికి ఇవ్వాలో, ఏది ఇక వదిలేయాలో తెలుస్తుంది.

మొదటిది బ్యాటరీ. ఫోన్లో ఉండేది లిథియం బ్యాటరీ. ఛార్జింగ్ ఎక్కిన ప్రతిసారీ లోపలి గ్రాఫైట్ పొర మీద సన్నని పొర ఒకటి పేరుకుంటుంది. అది కొంచెం కొంచెంగా లిథియాన్ని తినేస్తుంది. మామూలుగా 500 పూర్తి ఛార్జింగుల నాటికి బ్యాటరీ తన సత్తువలో ఐదో వంతు పోగొట్టుకుంటుంది. వేడిలో ఇది ఇంకా జల్ది జరుగుతుంది. ఇటువంటి బ్యాటరీకి 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ పెట్టకూడదు. 2024 ఎండకాలంలో నల్లగొండ జిల్లాలో నీడపట్టున కొలిచిన వేడే 46 డిగ్రీలు దాటింది. ఇక ఆటో అద్దం వెనక ఎండలో పెట్టి ఛార్జింగ్ చేస్తున్న ఫోను సంగతి మీరే ఊహించండి. ఎండకాలం పొద్దున్నే, చల్లని పూట ఛార్జింగ్ పెట్టండి. 80 శాతం దాకా ఎక్కితే తీసేయండి. తలగడ కింద పెట్టి రాత్రంతా వదిలేయకండి.

"30 శాతం చూపిస్తుంది, కెమెరా తెరవగానే ఆఫ్ అయిపోతుంది" అని చాలామంది అంటారు. ఇది కెమెరా జబ్బు కాదు. ముసలి బ్యాటరీకి లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగేసరికి వోల్టేజీ పడిపోయి ఫోను ఆగిపోతుంది. మేటు ఫోను సరిగ్గా ఫొటో తీసేటప్పుడే ఎందుకు ఆగుతుందో ఇప్పుడు అర్థమైంది కదా. బ్యాటరీ మారిస్తే చాలు, ఫోను మార్చనక్కరలేదు.

ఇక్కడ బల్ల మీద ఒక పాత ఫోను పెట్టాను. చూడండి, వేలితో తిప్పుతున్నాను. బల్లకు ఆనుకుని ఉండాల్సింది గిర్రున తిరుగుతోంది. అంటే వీపు ఉబ్బింది, లోపల బ్యాటరీలో గ్యాసు చేరింది. ఇంటికి పోయి మీ ఫోను కవరు తీసి ఇట్లాగే తిప్పి చూడండి. గిర్రున తిరిగితే ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టవద్దు. నొక్కవద్దు, సూదితో పొడవవద్దు, అది అంటుకుంటుంది. నేరుగా దుకాణానికి తీసుకుపోండి. కొత్త బ్యాటరీ మీద ఐఎస్ 16046 అన్న ముద్ర, ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉన్నాయో లేదో చూసి, బిల్లు అడిగి తీసుకోండి.

ఛార్జింగే ఎక్కకపోతే? ముందు వేరే కేబులు, ఆ తర్వాత వేరే ఛార్జరు పెట్టి చూడండి. రెండూ బాగుంటే ఛార్జింగ్ పిన్ను పెట్టే సందులోకి టార్చి వేసి చూడండి. జేబులోని నూలు పోగులు, మన ఎర్రమట్టి దుమ్ము కలిసి అడుగున గట్టిగా పేరుకుని ఉంటాయి. ఫోను ఆఫ్ చేసి, పళ్లు కుట్టుకునే సన్నటి పుల్లతో మెల్లగా తీయండి. పిన్నీసు, సూది వాడవద్దు. చాలా ఫోన్లు ఇంతటితోనే బాగవుతాయి. నీళ్లలో పడిన ఫోనును మాత్రం బియ్యంలో పెట్టకండి. తడిని బియ్యం పెద్దగా లాగదు, పైగా పిండి దుమ్ము లోపలికి పోతుంది. ఆఫ్ చేసి, సిమ్ము తీసి, గాలి తగిలే చోట ఆరనివ్వండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టవద్దు.

రెండోది జాగా. 16 జీబీ ఫోన్లో దగ్గరదగ్గర సగం సిస్టమే తీసుకుంటుంది. మిగిలింది వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలు నింపేస్తాయి. పదో వంతైనా ఖాళీ లేకపోతే ఫోను ప్రతి పనికీ తడబడుతుంది, దాన్నే మనం హ్యాంగ్ అంటాం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి పోయి, మేనేజ్ స్టోరేజ్ తెరవండి. ఏ గ్రూపు ఎంత తిన్నదో వరుసగా కనపడుతుంది. అక్కరలేనివి తీసేయండి. అక్కడే ఆటో డౌన్‌లోడ్ మూడు చోట్లా ఆపేయండి. గ్యాలరీలో ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే నిజంగా జాగా వస్తుంది.

అయినా నెమ్మదిగానే ఉంటే ఇంకో పని చేయండి. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ అని ఉంటుంది. దాని మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యానిమేషన్ స్కేల్ అని మూడు ఉంటాయి. మూడింటినీ 0.5కు తగ్గించండి, లేదా ఆపేయండి. తెరలు మారేటప్పుడు వచ్చే హంగులు తగ్గి ఫోను చురుగ్గా కదులుతుంది. అక్కడ మిగిలినవేవీ ముట్టుకోవద్దు.

వాటంతటవే ప్రకటనలు వస్తున్నాయా, ఫోను వేడెక్కుతోందా? సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి. చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కి, తెర మీద పవర్ ఆఫ్ అన్నచోట వేలు అలాగే అదిమి పట్టుకుంటే సేఫ్ మోడ్‌లోకి పోవాలా అని అడుగుతుంది. ఆ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు నడవవు. అప్పుడు ఫోను బాగుంటే తప్పు ఏదో యాప్‌ది. ఈ మధ్య వేసినవాటిని ఒక్కొక్కటీ తీసి చూడండి, దొంగ దొరుకుతుంది.

మూడోది నెట్‌వర్కు. "ఇదే ఫోన్లో ముందు నెట్టు మంచిగ వచ్చేది, ఇప్పుడు వస్తలేదు" అంటారు. ఫోను మారలేదు, టవరు మారింది. 2016 సెప్టెంబరులో వచ్చిన జియో మొదలైందే 4జీతో, దానికి 2జీ, 3జీ లేవు. ఎయిర్‌టెల్ 2020లో 3జీ ఆపేసింది. కాబట్టి 3జీ ఫోన్లో ఎయిర్‌టెల్ సిమ్ము వేస్తే అది 2జీకి దిగిపోతుంది, అందులో వీడియో నడవదు. దానికి ఎన్ని పైసలు పెట్టి రిపేరు చేయించినా లాభం లేదు. 4జీ ఫోనే అయితే సెట్టింగ్స్‌లో 4జీ మీద కాల్ మాట్లాడనిచ్చే వోల్టీ ఆన్ ఉందో లేదో చూడండి. అది ఆఫ్ ఉంటే జియోలో మామూలు కాల్ కూడా కలవదు.

దేవరకొండ గుట్టల్లో, అచ్చంపేట అవతల నల్లమల అంచున ఉండేవాళ్లకు ఇంకో సంగతి. సిగ్నల్ సన్నగిల్లిన చోట ఫోను టవరును వెతుకుతూ ఎక్కువ శక్తితో సంకేతాలు పంపుతుంది. మాట్లాడకపోయినా ఛార్జింగ్ దిగిపోయేది అందుకే. సిగ్నల్ అసలు లేని చోట ఫ్లైట్ మోడ్‌లో పెడితే సాయంత్రం దాకా ఛార్జింగ్ నిలుస్తుంది.

నెట్టు బాగున్నా ఒక చిన్న తప్పు పెద్ద తిప్పలు పెడుతుంది, తేదీ. బ్యాటరీ పూర్తిగా పడిపోయి లేచిన పాత ఫోన్లో తేదీ ఒక్కోసారి ఏళ్ల వెనక్కి పోతుంది. ప్రతి వెబ్‌సైటుకూ గడువున్న ధ్రువపత్రం ఉంటుంది. ఫోన్లో తేదీ తప్పితే ఆ పత్రం చెల్లదనుకుని ఫోను సైటు తెరవనివ్వదు. వాట్సాప్ కూడా మొరాయిస్తుంది. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో పెట్టండి, అంతే.

నాలుగోది సాఫ్ట్‌వేర్ వయసు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తోనే తెలుగు లిపికి ఆ వ్యవస్థలో చోటు దొరికింది. అంతకు ముందు చాలా ఫోన్లలో మన అక్షరాలు ఉత్త డబ్బాలుగా కనపడేవి. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అక్షరం ఒకటి సందేశంలో వస్తే ప్రపంచమంతటా ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అక్షరాన్ని తెర మీద గీసే సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండడమే కారణం. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి దాన్ని సరిచేసింది. అప్‌డేట్ చేసే పని అదే, బయటపడ్డ లోపాన్ని పూడ్చడం. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్లో ఆ తర్వాత బయటపడ్డ లోపాలన్నీ తెరిచే ఉంటాయి.

సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏళ్ల కిందటిదైతే ఆ ఫోన్లో బ్యాంకు యాప్, యూపీఐ పెట్టవద్దు. నా మాటల్లో ఇది ఒక్కటి కఠినంగా పాటించండి. మాట్లాడటానికి, వీడియో కాల్‌కి, పాటలకి, పిల్లల చదువుకి వాడుకోండి, డబ్బు మాత్రం దాంట్లో పెట్టకండి. పీఎం కిసాన్ అని, చలాన్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును ఏ ఫోన్లోనూ తెరవకండి. అది ఓటీపీలు దొంగిలిస్తుంది. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. కీప్యాడ్ ఫోనున్న పెద్దలకు 2022 మార్చి నుంచి యూపీఐ 123పే ఉంది, నెట్టు లేకుండానే కాల్ ద్వారా చెల్లించవచ్చు.

కుర్రవాళ్లు కస్టమ్ రోమ్ గురించి, అంటే కంపెనీ ఇవ్వని సాఫ్ట్‌వేర్‌ను ఫోన్లో ఎక్కించడం గురించి అడుగుతారు. కంపెనీ వదిలేసిన ఫోనుకు కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించే లీనియేజ్ ఓఎస్ మంచి పని. ఇటువంటిదే అయిన సయనోజెన్‌మాడ్ 2016 చివర మూతపడ్డప్పుడు దాని నుంచే అది పుట్టింది. నేర్చుకోండి, అందులో చాలా చదువుంది. కానీ దానికోసం ఫోను లేచేటప్పుడు మొదట నడిచే బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేస్తే ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కొన్ని బ్యాంకు యాప్‌లు నడవవు. మీ మోడల్‌ది కాని ఫైలు ఎక్కిస్తే ఫోను అసలు లేవకపోవచ్చు. మూలన పడి ఉన్న ఫోను మీద చేయండి. అమ్మకున్న ఒకే ఒక్క ఫోను మీద చేయకండి.

అమ్మ ఫోనుకు చేయాల్సిన మార్పులు వేరే ఉన్నాయి. అక్షరాలు పెద్దవి చేయండి. భాష తెలుగు పెట్టండి. కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాస్తుందని చూపించండి. మొదటి తెర మీద నలుగురు మనుషుల పేర్లు, ఫొటోలు మాత్రమే ఉంచండి. చూపు తగ్గినవాళ్లకు తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది. ఇవన్నీ ఉచితం.

చివరగా దుకాణం మాట. మన ఊళ్లలోని మెకానిక్కులు నైపుణ్యం ఉన్నవాళ్లు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ నుంచి, కోఠి గుజరాతీ గల్లీ నుంచి స్పేర్లు తెచ్చి ఎన్నో ఫోన్లకు ప్రాణం పోస్తున్నారు. వాళ్ల దగ్గరికి పోయే ముందు ఫొటోలు, నంబర్లు బ్యాకప్ తీసుకోండి, సిమ్ము, మెమరీ కార్డు తీసి దగ్గర పెట్టుకోండి. రీసెట్ చేయించే ముందు గూగుల్ ఖాతా, పాస్‌వర్డ్ గుర్తున్నాయో చూసుకోండి, లేకపోతే రీసెట్ అయ్యాక ఫోనుకు లాక్ పడుతుంది. పాత ఫోను కొనేటప్పుడు *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు టైపు చేసి 14422కి మెసేజ్ పంపితే ఆ ఫోను అసలైనదో కాదో తెలుస్తుంది. మీ ఫోను పోతే సంచార్ సాథీ పోర్టల్లో బ్లాక్ చేయించండి.

విద్యార్థులారా, మీకొక విన్నపం. ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న పాత ఫోను తీసుకుని ఈ నాలుగు చూడండి: వీపు ఉబ్బిందా, జాగా ఉందా, సిమ్ముకు తగిన ఫోనేనా, అప్‌డేట్ ఎప్పటిది. తర్వాత పక్కింటి అవ్వ ఫోను, మేటు ఫోను, అంగన్‌వాడీ అక్క ఫోను చూడండి. గ్రంథాలయాలు, కాలేజీలు నెలకొక పూట ఒక బల్ల వేసి ఈ పని చేయించాలని పెద్దలను కోరుతున్నాను. బాగయ్యేదాన్ని బాగుచేయండి, డబ్బుకు పనికిరానిదాన్ని డబ్బుకు దూరంగా ఉంచండి.