దూడనాటి మచ్చిక



పాడిపశువు మేతను గుఱించి, వ్యాధులను గుఱించి మీరు తఱచు వినుచునేయున్నారు. నేడు నేను మనవి చేయదలచినది పశువుయొక్క బెదురును గుఱించి. బెదురు మనస్సుతోనే పోవునది కాదు. అది రక్తములోనికి దిగును, పాలచెంబులో కనబడును.

మూత్రపిండములకు చేరువగా అధివృక్కములను రెండు చిన్న గ్రంథులు గలవు. పశువు బెదరినంతనే వీనినుండి అడ్రినలిన్, పిమ్మట కార్టిసాల్ అను హార్మోనులు రక్తమున గలియును. కార్టిసాల్ రక్తములో చక్కెరను హెచ్చించి అప్పటికి శక్తి నిచ్చును. అదియే దినములతరబడి హెచ్చుగా నిలిచినచో కండ కరగును, ఎదుగుదల కుంటుపడును, రోగములను తట్టుకొను శక్తి సన్నగిల్లును.

బెదరిన ఆవు సరిగా చేపదు. పొదుగున పాలున్నను అడ్రినలిన్ వానిని దిగనీయదని 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈలీ, పీటర్సన్ నిరూపించిరి.

ఈ స్వభావము కొంతవఱకు పసినాడే కుదురుకొనును. సేమూర్ లెవీన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1957 మొదలు ప్రకటించిన పరిశోధనలలో, ఎలుకపిల్లలను దినమునకు కొన్ని నిమిషములు చేతబట్టి మరల తల్లికడ విడిచెను. అట్టివి పెద్దవైన పిమ్మట, ఇతర ఎలుకలకంటె తక్కువగా బెదరెను. గంటలతరబడి తల్లిని ఎడబాసిన పిల్లలలో దీనికి విరుద్ధమైన ఫలితము కానవచ్చెను. తల్లి హెచ్చుగా నాకి లాలించిన పిల్లలలో బెదురు హార్మోను మితముగ నుండునని 1997లో కెనడాయందు మైకేల్ మీనీ బృందము తెలిపెను.

ఎలుక వేఱు, ఆవు వేఱు. అయినను పసినాడు మెత్తగా నిమిరిన దూడలు తరువాత మనుష్యులకడకు జంకక వచ్చుట పశుశాస్త్రజ్ఞులు గమనించిరి.

మందుల విషయమున ఒక హెచ్చరిక. డెక్సామెథసోన్ వంటి మందులు కార్టిసాల్‌ను పోలినవి. పశువైద్యుని చేతిలో అవి ఉపకారులే. ఎవరో చెప్పిరని సూదిమందు వేయించినచో నిండు చూడి ఆవు నెలలు నిండకమునుపే ఈనవచ్చును. చాలదినములు వాడినచో పశువు స్వంత గ్రంథులు పని తగ్గించుకొనును, రోగములకు లోబడును.

కావున దూడకు పుట్టినవెంటనే జున్నుపాలు త్రాగనిండు. తల్లిని నాకనిండు. ప్రతిదినము దాని మెడను, గంగడోలును నిమురుడు. ఈ పని పిల్లలకు సంతోషముగ అప్పగింపవచ్చును. తోక మెలిపెట్టుట, ముల్లుకఱ్ఱతో పొడుచుట మానుడు. ఇందుకు పైస ఖర్చు లేదు. రేపు ఆ దూడయే ఈని పాలకు నిలిచిననాడు, దాని పలుపు పట్టుకొన్న ఇల్లాలికి ఈ మచ్చిక విలువ తెలియును.