గీదం నుండి బారసూరునకు: వీపున మూటతో
(సంఘసభలో చదివిన ఉపన్యాసము)



మన సంఘమునందలి యువమిత్రులు కొందరు వీపున సంచి తగిలించుకొని చైనాదేశమునకు పోయి, అచ్చటి వన్యమృగములను, ప్రాచీన నిర్మాణములను చూచి రావలెనని సంకల్పించినారట. ఆ సందర్భమున యాత్రలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించినారు. నేను చైనా చూచినవాడను కాను. నా ప్రయాణములన్నియు బదిలీ ఉత్తరువుల వెంట సాగినవే. అయినను ఈ విషయమున మాటాడుటకు నాకొక ఆధారము దొరకినది. వీపున మూటతో చైనా నుండి మన వైపునకే నడచివచ్చిన మహానుభావుడొకడు గలడు.

ఆయన హ్యుయాన్‌త్సాంగ్ అను బౌద్ధభిక్షువు. 629 ప్రాంతమున స్వదేశము విడిచి, 645లో మరలి చేరినవాడు. గ్రంథముల బుట్టను వీపున మోయుచు నడచుచున్నట్లుగా చిత్రకారులు ఆయనను చిత్రించినారు. కళింగమును వర్ణించుచు ఆయన అచ్చటి దట్టమైన అడవులను, వానిలోని ఏనుగులను, ఆ యేనుగులకు పొరుగు రాజ్యములలో గల గిరాకీని చెప్పినాడు. పిమ్మట దక్షిణకోసలమునకు వచ్చి, ఆచార్య నాగార్జునుని కొఱకు శాతవాహనరాజు కొండలో తొలిపించిన విహారమును వర్ణించినాడు. అనగా మన యువకులు దేనికై చైనా పోదలచినారో, మృగములు, కట్టడములు, ఆ రెంటిని ఆయన ఇచ్చట చూచి వ్రాసికొన్నాడు. కోసలము నుండి దక్షిణముగా ఒక మహారణ్యమున బడి, 900 లీలు నడచి ఆంధ్రదేశమున వేంగి చేరినట్లు చెప్పినాడు. ఆంధ్రుల భాష మధ్యదేశపు భాషకు వేఱైనను, అక్షరములు ఇంచుమించుగా ఒకటేయని కూడ గుర్తించినాడు.

కోసలమనగా నేటి ఛత్తీస్‌గఢ్ మైదానము. వేంగి మన ఏలూరు దాపున నున్న పెదవేగి. పటము తెఱచి, సిర్పూరు నుండి పెదవేగికి ఒక గీత గీయుడు. అది గీదమునకు చేరువగా పోవును. అడవిదారి గీత గీసినట్లు సాగదు గాని, ఆ మహారణ్యమున ఈ బస్తరు అడవియు ఒక భాగమని తలచుటకు అడ్డేమియు లేదు. ఆయన ఒక్క వాక్యమున దాటిపోయిన ఆ యడవిలో మనము ఉద్యోగములు చేయుచున్నాము. కావున ఆయన దేశమును చూడబోవుటకు ముందు ఆయన దాటిన అడవిని చూడుడని నా మనవి.

గీదము చిన్న ఊరు, కాని కూడలి. జగ్దల్‌పూరు నుండి వచ్చు రహదారి ఇచ్చట చీలును. ఒక శాఖ దంతెవాడ మీదుగా బైలాడిలా ఇనుపకొండలకు పోవును. వేఱొకటి బీజాపూరు, భోపాలపట్నముల మీదుగా గోదావరి దాటి తెలంగాణమును చేరును. ఉత్తరముగా పోవు దారి బారసూరుది. విశాఖపట్టణము వైపు నుండి వచ్చినవారికి కొత్తవలస-కిరండూలు రైలుమార్గమున గీదము ఒక స్టేషను. మనలో పెక్కురు ఈ స్టేషనున దిగిననాడు "ఎచ్చటికి వచ్చి పడితిమిరా" యని నిట్టూర్చినవారమే. ఆ నిట్టూర్పునకు సమాధానము ఇరువది కిలోమీటర్ల పైచిలుకు దూరమున, బారసూరున గలదు.

బారసూరు ఛిందక నాగవంశపు రాజుల కాలమున గొప్ప పట్టణము. అచ్చట 147 గుడులు, 147 చెరువులు ఉండెనని జనశ్రుతి. నేడు నిలిచినవి కొన్నియే. మామా-భాన్జా యను పేర పిలువబడు ఆలయము ఎత్తైన శిఖరముతో నిలిచియున్నది. మేనమామయు మేనల్లుడును శిల్పులై దానిని కట్టినారని కథ. ఒక్కొక్క రాతిలో మలచిన రెండు గణపతి విగ్రహములు ప్రక్కప్రక్కన కూర్చుండియున్నవి. పెద్ద గణపతి ముందు నిలుచున్న మనిషి తానే చిన్నవాడైపోవును. బత్తీసా యనబడు ఆలయమున 32 స్తంభములు గల ఒకే మండపమునకు రెండు గర్భగుడులు. రెంటను శివలింగములే. ఒక మండపమునకు రెండు గుడులేల యను ప్రశ్నకు శాసనము సమాధానము చెప్పుచున్నది. సోమేశ్వరదేవుని రాణి గంగమహాదేవి, భర్త పేర వీరసోమేశ్వరమును, తన పేర గంగాధరేశ్వరమును ప్రతిష్ఠించినది. భార్యాభర్తలకు చెరియొక గుడి, ఇరువురకు ఒకే ముంగిలి!

ఈ శాసనము తెలుగు శాసనమని మనలో ఎందరికి తెలియును? అంతకంటె పాతది మఱియొకటి గలదు. అది 1060వ సంవత్సరము నాటిది. నాగరాజు జగదేకభూషణ ధారావర్షునకు సామంతుడును, కరికాలచోడుని వంశజుడనని చెప్పికొన్నవాడును అగు చంద్రాదిత్యుడను తెలుగుచోడుడు బారసూరున చంద్రాదిత్యేశ్వరమను శివాలయము కట్టించి, చంద్రాదిత్యసముద్రమను చెరువు త్రవ్వించి, ఆ సంగతిని తెలుగున చెక్కించినాడు. రాయబహద్దూరు హీరాలాల్ పండితుడు 20వ శతాబ్ది ఆరంభమున ఈ శాసనములను ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినారు. 1060 అనగా ఏ కాలము? రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు ఏలుచుండగా, నన్నయభట్టారకుడు భారతమును తెనిగించుటకు పూనుకొన్న తరమది. మనము ప్రవాసమని పేరుపెట్టుకొన్న ఈ గడ్డపై అప్పటికే తెలుగు రాతి కెక్కియున్నది. అంతమాత్రమున ఈ భూమి మనదని ఎవరును తొడ చఱచవలదు. ఆ చోడుడును మనవలెనే కొలువునకు వచ్చినవాడు. కాని ఆయన వచ్చినచోట ఒక చెరువు త్రవ్వించినాడు.

ఇక మృగముల మాట. ఈ నాగరాజుల లాంఛనము సవత్సవ్యాఘ్రము, అనగా పిల్లతో కూడిన పులి. అడవిని ఎఱుగని రాజు ఎంచుకొను గుర్తు కాదది. బారసూరు శాసనమున కనబడు ధారావర్షుని పేరే దూరమున తమిళశాసనములలో మరల వినబడును. రాజరాజనరేంద్రుని కుమారుడు, పిదప కులోత్తుంగచోడుడుగా ప్రసిద్ధికెక్కినవాడు, పట్టాభిషేకమునకు ముందు యౌవనమున ఈ వైపు దండెత్తి, వైరాగఢమున ఏనుగుల మందలను పట్టినాడని, చక్రకూటమున ధారావర్షుని వద్ద కప్పము గైకొన్నాడని ఆ శాసనములు చెప్పుచున్నవి. చక్రకూటమనగా ఈ బస్తరు రాజ్యమే. తండ్రి భారతము వ్రాయించినాడు, కొడుకు ఏనుగులకై వచ్చినాడు! నాటి రాజులకు ఈ అడవి ఏనుగుల గని.

నేడు గీదము చుట్టుపట్ల అడవియేనుగును చూడబోవువాడు లేడు. ఛత్తీస్‌గఢ్‌లో అవి కావలెనన్నచో ఉత్తరమున సర్గుజా, కోర్బాల వైపునకు పోవలెను. ఇచ్చట ఏనుగు శాసనములలో మిగిలినది. శాసనమునందు నిలిచి అడవియందు లేకుండుట మిక్కిలి విచారకరమైన చిరంజీవత్వము. ఇప్పుడు ఆ దారినే కారెనుము నడచుచున్నదని నా భయము.

కారెనుము అనగా అడవియెనుము, మన పెంపుడు గేదెల మూలజాతి. దీనిని అడవిదున్నయని పొరబడరాదు. అడవిదున్న వేఱు జాతి. బస్తరు మరియాల నాట్యమున తలపై ధరించు కొమ్ములు ఆ అడవిదున్నవి. ఆ కొమ్ములవారిని గూర్చియే గ్రిగ్సన్ దొరగారు 1938లో ఒక గ్రంథము ప్రకటించినారు. కారెనుము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమృగము. ఆ గౌరవమునకు తగినట్లు దాని సంఖ్య లేదు. ఉదంతి అభయారణ్యమున ఒకప్పుడు ఒకే ఒక ఆడుది మిగిలినది. దానికి ఆశయని పేరు. ఆ పేరు పెట్టినవారి మనసు నాకు అర్థమైనది. దాని కణముల నుండి 2014లో కర్నాలున ఒక పెయ్యను ప్రయోగశాలలో పుట్టించినారు. 2020లో అస్సాములోని మానస్ నుండి ఒక జతను తెచ్చి బార్నవాపారాలో ఉంచినారు. ఇన్ని తంటాలు పడుచుండగా, పూర్వము నుండి తమంతట తామే బ్రదుకుచున్న కారెనుములు మన పడమట, ఇంద్రావతి తీరమున, బీజాపూరు జిల్లాలోను, నదికావలి గడ్చిరోలి జిల్లా కోలామార్కా అడవిలోను కొన్ని గలవు. ఇంద్రావతి పులుల సంరక్షణకేంద్రము 1983లో ఏర్పడినది. దాని విస్తీర్ణము 2799 చదరపు కిలోమీటర్లు. కాని దశాబ్దముల తరబడి ఆ అడవిలో మనుష్యుల నడుమ తుపాకులు మ్రోగుచుండగా, మృగములను లెక్కించుటకే అటవీ సిబ్బందికి అడుగు పెట్ట వీలులేకపోయినది. పేరు కాగితముపై నుండుట వేఱు, కాపలా ఉండుట వేఱు. ప్రభుత్వోద్యోగులకు ఈ భేదము వివరింప నక్కరలేదనుకొందును.

శిలలు మాత్రము క్షేమమనుకొనరాదు. దంతెవాడ దాపున ఫరస్‌పాల్ వైపు ఢోల్‌కల్ కొండశిఖరముపై, చుట్టును లోయ తప్ప మఱేమియు లేని చోట, మూడడుగుల గణపతి విగ్రహము వేయేండ్లకు చేరువగా ఎండకు వానకు కూర్చున్నది. 2017 జనవరిలో అది లోయలో పడి ముక్కలై కనబడినది. ఊరివారును, పోలీసులును, పురాతత్త్వజ్ఞులును ముక్కలేరి, అతికి, మరల శిఖరముపై నిలిపినారు. ఆ కొండ యెక్కువారు ఫరస్‌పాల్ ఊరివారిని ఒకరిని తోడు తీసికొని, వారు చూపిన దారినే పోవలెను. విగ్రహమును తాకి ఛాయాచిత్రములు తీయించుకొను వేడుక మానవలెను.

దంతెవాడలో డంకినీ శంఖినీ నదుల సంగమమున దంతేశ్వరీదేవి ఆలయము గలదు. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి బస్తరు రాజ్యము స్థాపించినాడని ఆ వంశమువారి సంప్రదాయము. దిక్పాలదేవుని 1703 నాటి దంతెవాడ శాసనమున కూడ ఆ సంబంధము చెప్పబడినది. దేవి వెనుక నడచుచుండగా అందెల మ్రోత విని రాజు ముందుకు సాగినాడట. నది ఇసుకలో అందెలు మ్రోగక, రాజు వెనుదిరిగి చూడగా, దేవి అచ్చటనే నిలిచిపోయినదట. చరిత్ర ఎట్లున్నను, వెనుదిరిగి చూచినవాడు ఓరుగల్లువాడు గదా యని నాకనిపించును! ఒక్క హెచ్చరిక. ఆ గుడిలోనికి పంట్లాముతో పోనీయరు. మగవారు పంచె కట్టవలెను. వీపుసంచిలో పంచె లేనివాడు వాకిటనుండి నమస్కరించి మరలవలసినదే.

కాంగేరులోయను, కుటుంసర్ గుహలోని చూపులేని చేపలను, మనుష్యుల మాటను అనుకరించు కొండమైనాలను గూర్చి చెప్పుట మొదలిడితిమా, భోజనముల వేళ దాటును. అవి జగ్దల్‌పూరు కావల నున్నవి. మఱొక సెలవునకు ఉంచుదము.

నడచువారికి కావలసినవి తక్కువ. నీటిసీసా, పంచె, అటవీశాఖవారి అనుమతి, చీకటి పడకమునుపే ఊరు చేరవలెనను నియమము. హల్బీ నాలుగు మాటలు వచ్చిన మేలు. గోండి వినుటకు భయపడవలదు. అది మన భాషకు చుట్టము. నీటిని వారు "ఏర్" అందురు, మనకు ఏరు ప్రవహించు నీరు. చేప వారికి "మీన్", మనకు కావ్యములలో మీనము. దప్పికగొన్నవాడు ఈ చుట్టరికమును త్వరగా గ్రహించును. ఎవరి వాకిటనైనను ఫోటో తీయుటకు ముందు అడుగవలెను. అడవివారు మన చూడబోవు వస్తువుల పట్టికలోనివారు కారు.

బారసూరు దాటి కొద్దిదూరము పోయిన సాత్‌ధార్ వద్ద ఇంద్రావతి పాయలుపాయలుగా చీలి బండల నడుమ దూకును. ఆవలి గట్టున అబూజ్‌మాడ్ కొండలు. బయటివారి ప్రవేశముపై నుండిన ఆంక్షను 2009లో తొలగించినారు. బారసూరు దాపుననే బోధ్‌ఘాట్ విద్యుత్ పథకమునకు 1979లో శంకుస్థాపన జరిగినది. అడవియు ఊళ్లును మునుగునను కారణమున అది నిలిచిపోయినది, 2020లో మరల ప్రస్తావనకు వచ్చినది. విద్యుత్తు వద్దనుట నా ఉద్దేశము కాదు. మునుగవలసిన దానిలో ఏమేమి యున్నదో చూచినవారు కొందరైనను ఉండవలెను గదా. ఆ నీరు చివరకు గోదావరిలో కలిసి మన రాజమహేంద్రవరము ముందునుండియే పోవును.

ఇక సంఘమునకు నా విన్నపము. చంద్రాదిత్యుని శాసనపాఠమును, గంగమహాదేవి శాసనపాఠమును ఎపిగ్రాఫియా ఇండికా నుండి ఎత్తి వ్రాసి, సులభవ్యాఖ్యతో తెలుగునను, దాని ప్రక్కన హిందీలోను, హల్బీలోను ఒక చిన్న కరపత్రముగా అచ్చువేయింతము. హల్బీ అనువాదమునకు గీదం బడిపంతుళ్ల సాయము అడుగుదము. ఒక ప్రతి బారసూరు పాఠశాలకు, ఒకటి పురావస్తుశాఖవారికి, మిగిలినవి మన పిల్లలకు. ఖర్చునకు నా చందా ఈ సభలోనే కార్యదర్శిగారికి ఇచ్చుచున్నాను. మార్గశిరమున చలి ముదురకమునుపు ఒక ఆదివారము గీదం బస్సులనిలుపు వద్ద ఉదయము ఆఱు గంటలకు కలిసికొందము. చైనా పోవు యువకులు కూడ రావలెను. కొత్త బూట్లు కాలికి ఇముడునో లేదో ఇచ్చటనే తెలిసిపోవును.